వేముల బడి లెక్కలు: 1822 నాటి పట్టిక

కడప జిల్లా వేముల ప్రాంతం 1800లో కంపెనీకి దక్కిన దత్త మండలాలలోనిది. ఆ మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరు హోదాలో 1822లో దేశీయ పాఠశాలల లెక్కలు తీయించాడు. ప్రెసిడెన్సీలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. బాలికలు 4,540 మందే. పట్టిక విద్యార్థులను కులమతాలవారీగా, లింగాలవారీగా విభజించింది. ఎవరెంత నేర్చారన్న గడి అందులో లేదు. జనాభాతో పోల్చి, 5-10 ఏళ్ల బాలురలో నాలుగో వంతుకు కాస్త పైగా బడికి వెళ్తున్నారని మన్రో లెక్కగట్టాడు.

నేటి వేముల ప్రాథమిక పాఠశాలల ప్రగతిని పరిశీలించడానికీ సగటు మార్కులు చాలవు. మార్కులను విద్యార్థుల సామాజిక వర్గం, లింగంతో జతచేసి చదివితేనే వెనుకబడినవారెవరో తెలుస్తుంది. బడికే రాని పిల్లల సంఖ్య తేలాలంటే, మన్రో చేసినట్లే, హాజరు పట్టికను జనాభా లెక్కలతో పోల్చాలి.