బోల్టు యాక్షన్ రైఫిలు: ఫ్యాక్టరీ, కస్టమ్ యాక్షన్లు

బోల్టు యాక్షన్ రైఫిలు అనగా, తూటాను గొట్టంలోనికి ఎక్కించడం, వెనుకనుండి మూసి బిగించడం, కాల్చిన పిదప ఖాళీ తొడుగును బయటకు తీయడం అనే మూడు పనులను చేతితో కదిపే ఒక గడియ ద్వారా జరిపే తుపాకి. ఈ గడియను బోల్టు అనీ, అది కదిలే ఉక్కు గూడును రిసీవరు అనీ, ఈ రెండూ కలిసిన భాగాన్ని యాక్షన్ అనీ అంటారు. గురి తప్పని రైఫిలును కూర్పించుకొనేవారు ముందుగా యాక్షన్‌ను ఎంచుకోవలసి ఉంటుంది. కర్మాగారంలో పెద్ద సంఖ్యలో తయారయ్యేది ఫ్యాక్టరీ యాక్షన్. చిన్న యంత్రశాలలు మిక్కిలి కచ్చితమైన కొలతలతో, తక్కువ సంఖ్యలో చేసేది కస్టమ్ యాక్షన్.

పనిచేసే విధానం

బోల్టు పనితీరు ఇంటి తలుపు గడియను పోలి ఉంటుంది. పిడిని పైకి తిప్పి వెనుకకు లాగితే తెరుచుకుంటుంది; ముందుకు నెట్టి క్రిందికి తిప్పితే మూసుకుంటుంది. బోల్టుకు లగ్గులు అనే ఉక్కు చెవులు ఉంటాయి. అవి రిసీవరు లోపలి గాడులలో ఇరుక్కొని, తూటా పేలినప్పుడు వెనుకకు వచ్చే ఒత్తిడిని తట్టుకుంటాయి. వేట రైఫిళ్ళలో విరివిగా వాడే .308 వించెస్టర్ తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు.

గురికి సంబంధించినంతవరకు యాక్షన్‌లో ముఖ్యంగా చూడవలసినవి ఇవి:
* బోల్టు, రిసీవరు, గొట్టం మూడింటి అక్షాలు ఒకే సరళరేఖపై ఉండాలి.
* లగ్గులన్నీ సమానంగా ఆనాలి. ఒకటి ఆని మరొకటి ఆనకపోతే పేలుడు సమయంలో బోల్టు ఒకవైపుకు ఒరుగుతుంది.
* గొట్టం ఆనే రిసీవరు ముఖం అక్షానికి లంబంగా ఉండాలి.
* ట్రిగ్గరు నొక్కినది మొదలు తూటా పేలేవరకు పట్టే సమయం స్వల్పంగా, ప్రతిసారీ ఒకే విధంగా ఉండాలి.

యాక్షన్ తనంత తానుగా గుండును గురికి చేర్చదు. ఆ పని గొట్టానిది, తూటాది. ప్రతి గుండునూ ఒకే స్థితిలో బయలుదేరనిచ్చి, ఆ రెండింటి పనిని చెడగొట్టకుండా ఉండటమే మంచి యాక్షన్ లక్షణం.

గురిని కొలిచే పద్ధతి

ఒకే చోటికి గురిపెట్టి కాల్చిన కొన్ని గుళ్ళు లక్ష్యంపై ఎంత దగ్గరగా పడ్డాయో చూసి రైఫిలు కచ్చితత్వాన్ని లెక్కిస్తారు. దీనికి వాడే ప్రమాణం కోణపు నిమిషం, అనగా డిగ్రీలో 60వ వంతు. ఇది 100 మీటర్ల దూరంలో సుమారు 29 మిల్లీమీటర్లకు సమానం. మూడు గుళ్ళు దగ్గరగా పడినంత మాత్రాన రైఫిలు కచ్చితమైనదని నిర్ణయించరాదు. తక్కువ గుళ్ళతో చేసిన పరీక్షలో యాదృచ్ఛికత పాలు ఎక్కువ. యాక్షన్ మార్చినందువలన కలిగిన మేలును తెలుసుకోవాలన్నా ఎక్కువ గుళ్ళతో పలుమార్లు పరీక్షించవలసి ఉంటుంది.

చరిత్ర

ప్రష్యా సైన్యం 1841లో స్వీకరించిన డ్రైజ్ సూది తుపాకి బోల్టు యాక్షన్‌కు తొలి రూపాలలో ఒకటి. జర్మనీకి చెందిన పాల్ మౌజర్ రూపకల్పనను 1898లో ఆ దేశ సైన్యం స్వీకరించింది. బోల్టు ముందు భాగంలో రెండు బలమైన లగ్గులు గల ఈ నమూనా తరువాతి రైఫిళ్ళకు ఒరవడి అయినది. బ్రిటిషు సైన్యం 1895లో స్వీకరించిన లీ ఎన్‌ఫీల్డ్‌లో లగ్గులు వెనుక భాగంలో ఉంటాయి. పేలుడు సమయంలో ఆ యాక్షన్ కొంత సాగుతుంది. అయితే బోల్టు వేగంగా కదులుతుంది, బురదలోనూ దుమ్ములోనూ ఆగకుండా పనిచేస్తుంది. యుద్ధరంగంలో సైనికునికి కావలసినది ఈ గుణమే.

అమెరికాలో వించెస్టర్ 70 నమూనా 1936లోనూ, రెమింగ్టన్ 700 నమూనా 1962లోనూ వచ్చాయి. రెమింగ్టన్ రిసీవరు గుండ్రని కడ్డీనుండి మలచినది కావడం వలన లేతు యంత్రంపై ఎక్కించి సరిదిద్దడం సులభం. అందుచేత గురి రైఫిళ్ళు కూర్చేవారు దానిని ఎక్కువగా వాడారు. బల్లపై రైఫిలును ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీలు అమెరికాలో పెరిగినకొద్దీ ఈ సరిదిద్దుడు సరిపోక, మొదటినుండే కచ్చితంగా చేసిన యాక్షన్ల అవసరం ఏర్పడింది. స్టోల్, బ్యాట్, న్యూజీలాండుకు చెందిన బర్నార్డ్ వంటి కస్టమ్ యాక్షన్లు అలా పేరు పొందినవే.

ఫ్యాక్టరీ యాక్షన్

కర్మాగారంలో వేల సంఖ్యలో తయారయ్యే భాగాలు ఒకదానితో ఒకటి అమరాలంటే కొలతలలో కొంత వెసులుబాటు తప్పదు. వేడి చేసి గట్టిపరచినప్పుడు లోహం స్వల్పంగా వంగవచ్చు. ఈ లోపాలను తొలగించేందుకు నిపుణులు రిసీవరు ముఖాన్ని చదును చేస్తారు, మరలను మళ్ళీ కోస్తారు, లగ్గులు సమానంగా ఆనేటట్లు సరిచేస్తారు. బోల్టు వదులుగా ఉంటే దానికి కొత్త తొడుగు వేస్తారు.

ఫ్యాక్టరీ యాక్షన్లన్నీ ఒకే స్థాయివి కావు. 1958లో వచ్చిన సావేజ్ 110 నమూనాలో బోల్టు తల కొద్దిగా కదిలే వీలుండి, తనంతట తానే సర్దుకుంటుంది. గొట్టాన్ని ఒక నట్టుతో బిగించడం వలన కొత్త గొట్టం అమర్చడం తేలిక. ఫిన్లాండుకు చెందిన టిక్కా టి3 వంటి రైఫిళ్ళు అదనపు పని అవసరం లేకుండానే చక్కని గురికి పేరు పొందాయి. కంప్యూటరు నియంత్రిత యంత్రాలు వచ్చిన తరువాత ఫ్యాక్టరీ, కస్టమ్ యాక్షన్ల మధ్య అంతరం తగ్గింది.

కస్టమ్ యాక్షన్

కస్టమ్ యాక్షన్లలో కొలతల తేడాలు అత్యల్పంగా ఉంటాయి. గట్టిపరచిన తరువాత కూడా కీలకమైన భాగాలను చెక్కి తుదికొలతకు తెచ్చే తయారీదారులు ఉన్నారు. ఒకే నమూనాకు చెందిన యాక్షన్లన్నీ ఇంచుమించు ఒకే కొలతలో ఉండుటచేత, యాక్షన్‌ను చూడకుండానే దానికి సరిపోయే గొట్టాన్ని తయారుచేసి పంపగలుగుతున్నారు. పోటీలలో గొట్టాలు త్వరగా అరిగిపోతాయి గనుక ఇది గొప్ప సౌకర్యం. పలు కస్టమ్ యాక్షన్లను రెమింగ్టన్ 700 ఆకారంలోనే చేయడం వలన, ఆ నమూనాకై తయారైన ట్రిగ్గర్లు, మడమలు వీటికి కూడా సరిపోతాయి.

లోపాలూ లేకపోలేదు. ఈ యాక్షన్ ఒక్కదాని ధర తరచు పూర్తి ఫ్యాక్టరీ రైఫిలు ధరను మించుతుంది. బిగువైన అమరిక గల కొన్ని నమూనాలు దుమ్ము, ఇసుక పడితే మొరాయిస్తాయి.

ఏది మేలు

కచ్చితత్వానికి అయ్యే ఖర్చులో తొలి రూపాయి మంచి గొట్టంపైనా, తగిన తూటాపైనా పెట్టాలన్నది అనుభవజ్ఞుల అభిప్రాయం. మంచి గొట్టం అమర్చిన ఫ్యాక్టరీ యాక్షన్, నాసిరకం గొట్టం గల కస్టమ్ యాక్షన్‌కంటే మెరుగ్గా కాలుస్తుంది. ఇదివరకే ఫ్యాక్టరీ రైఫిలు ఉన్నవారికి దానినే సరిదిద్దించుకోవడం లాభదాయకం. అయితే ఆ పని కోసమే కొత్త రైఫిలు కొని, అన్ని భాగాలనూ సరిచేయిస్తే మొత్తం ఖర్చు కస్టమ్ యాక్షన్ ధరకు చేరువవుతుంది. మిల్లీమీటరు తేడాతో గెలుపోటములు తేలే బెంచ్‌రెస్ట్ పోటీలలో మాత్రం కస్టమ్ యాక్షన్‌దే పైచేయి.

ఒలింపిక్ క్రీడలలో

50 మీటర్ల రైఫిలు పోటీలో 5.6 మిల్లీమీటర్ల (.22) తూటాను వాడతారు. లక్ష్యంలోని పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడ ఫ్యాక్టరీ, కస్టమ్ అనే భేదం దాదాపు చెరిగిపోతుంది. జర్మనీకి చెందిన అన్షుట్జ్, వాల్తర్ వంటి సంస్థలు పోటీలకోసమే చేసిన రైఫిళ్ళు కర్మాగారపు ఉత్పత్తులే అయినా కచ్చితత్వంలో అత్యున్నత స్థాయివి. వాటిలో కూడా ప్రతి గొట్టానికి సరిపడే తూటాల విడతను క్రీడాకారులు పరీక్షించి ఎంచుకుంటారు.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్య పతకం సాధించాడు. ఆ రైఫిలు గాలి ఒత్తిడితో పనిచేసేది. అదే ఒలింపిక్స్‌లో అతడు 50 మీటర్ల పోటీలలోనూ పాల్గొన్నాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహారాష్ట్రకు చెందిన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలుచుకున్నాడు.

భారతదేశంలో చట్టం

అమెరికాలో యాక్షన్ ఎంపిక ప్రధానంగా ధరకు, అభిరుచికి సంబంధించిన విషయం. భారతదేశంలో అది ముందుగా చట్టానికి సంబంధించినది. 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకి భాగాలు కూడా ఆయుధం అనే నిర్వచనంలోకి వస్తాయి. తయారీ, మార్పు, మరమ్మతు, అమ్మకం అన్నింటికీ లైసెన్సు కావాలి. కావున యాక్షన్ తెప్పించుకొని ఇంటివద్ద రైఫిలు కూర్చుకోవడం ఇక్కడ నేరం. 2019 సవరణ ద్వారా సాధారణ లైసెన్సుదారు ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడునుండి రెండుకు తగ్గించారు. క్రీడాకారులకు వేరే నిబంధనలున్నాయి.

పశ్చిమ బెంగాలులోని ఇషాపూర్ రైఫిలు కర్మాగారం పౌరులకోసం తయారుచేసిన .315 స్పోర్టింగ్ రైఫిలు లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్‌పై ఆధారపడినది. 2021 అక్టోబరు 1న ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దు కాగా, ఈ కర్మాగారం అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ క్రిందికి వచ్చింది.

తిరుమల, తిరుపతి ప్రాంతంలో

శేషాచలం అడవులు ఒకప్పుడు వేటగాళ్ళకు పరిచితమైనవి. సికింద్రాబాదు బొల్లారంలో జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ (1910 - 1974) అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, మామండూరు ప్రాంతాలలో నరమాంసభక్షక పులుల వేటను గురించి వ్రాశాడు. ఆయన ప్రసిద్ధ రైఫిలు .405 వించెస్టర్. అది బోల్టు యాక్షన్ కాదు, మీటతో పనిచేసే లీవరు యాక్షన్. దట్టమైన అడవిలో దగ్గరనుండి కాల్చే వేటగానికి మిల్లీమీటరు గురికంటే రెండవ తూటా త్వరగా అందడం ముఖ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నిషిద్ధమైనది. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం ఏర్పడింది. తిరుమల కొండపైకి ఆయుధాలు తీసుకొనిపోవడం నిషిద్ధం. అలిపిరి వద్ద తనిఖీ ఉంటుంది.

ఈ ప్రాంతపు విద్యార్థులకు బోల్టు యాక్షన్ రైఫిలును చట్టబద్ధంగా చేతబట్టే అవకాశం ఎన్.సి.సి. ద్వారా లభిస్తుంది. అక్కడ ఇచ్చే .22 రైఫిలు సాధారణ ఫ్యాక్టరీ యాక్షన్ గలది. శిక్షణలో మొదట నేర్పేది భద్రత. ఆ తరువాత పడుకొనే భంగిమ, ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గరును కుదుపు లేకుండా నొక్కడం. ఈ దశలో గుళ్ళు చెదరడానికి కారణం చాలావరకు కాల్చేవారే గనుక, యాక్షన్ నాణ్యతలోని సూక్ష్మభేదాలు లక్ష్యంపై కనిపించవు.