యౌంట్‌విల్: ద్రాక్షతోటల మధ్య ఒక రాతి వంటిల్లు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరంగా సుమారు 90 కిలోమీటర్ల దూరాన, రెండు కొండల వరుసల నడుమ సన్నగా సాగిన నాపా లోయలో యౌంట్‌విల్ అనే చిన్న ఊరు ఉంది. దాని వైశాల్యం దాదాపు నాలుగు చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల్లో నమోదైనవారు సుమారు 3,400 మంది కాగా, వారిలోనూ గణనీయమైన భాగం అక్కడి మాజీ సైనికుల వసతిగృహంలో ఉండేవారే. తెలుగునాట ఇది ఒక మోస్తరు పంచాయతీ గ్రామంతో సమానం. అంత చిన్న ఊరికి ఒక్క పూట భోజనం కోసం ఖండాలు దాటి వచ్చేవారున్నారు. ఈ ఖ్యాతినంతటినీ థామస్ కెల్లర్ అనే పాకనిపుణుడి ఖాతాలో వేయడం పరిపాటి అయినప్పటికీ, ఆయన రావడానికి పదహారేళ్ల ముందే ఒక ఇల్లాలు అదే కట్టడంలో నడిపిన వంటిల్లూ, దానికంటే పదేళ్ల ముందు వచ్చిన ఒక భూనిబంధనా లేకపోతే, కెల్లర్‌కు అక్కడ అడుగుపెట్టే చోటే ఉండేది కాదు.

ఈ లోయ మొదట వాప్పో అనే ఆదిమజాతి ప్రజలది. నార్త్ కరోలినాలో 1794లో పుట్టి, బొచ్చు వ్యాపారం కోసం జంతువులను వేటాడుతూ 1831లో కాలిఫోర్నియా చేరిన జార్జ్ కాల్వర్ట్ యౌంట్‌కు, అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలుతున్న మెక్సికో ప్రభుత్వం 1836లో దాదాపు 11,900 ఎకరాల భూమిని దఖలుపరచింది. అక్కడి వాప్పోల గ్రామం పేరుతోనే ఆ ఈనాము 'రాంచో కేమస్' అయింది. ఆ పేరును నేడు ఖరీదైన వైన్ సీసాల మీద చదివేవారిలో ఎందరికి అది ఒక ఊరి పేరని తెలుసో చెప్పడం కష్టం. నాపా లోయలో తొలి ద్రాక్ష తీగలు నాటినవాడిగా యౌంట్‌కు గుర్తింపు ఉంది. ఆయన 1865లో మరణించగా, అంతవరకు సెబాస్టపోల్ అని పిలిచిన ఊరికి 1867లో ఆయన పేరు పెట్టారు. అప్పటికే రైలు దారి లోయలోకి రావడంతో సరుకు రవాణా తేలికై, గాట్లీబ్ గ్రోజింగర్ అనే జర్మన్ వలసదారు 1870ల్లో ఊరి నడిబొడ్డున ఇటుకలతో ఒక పెద్ద వైన్ కర్మాగారాన్ని కట్టించాడు. 1884లో మాజీ సైనికుల వసతిగృహం వెలిసింది.

యౌంట్‌విల్ భోజన చరిత్రకు కేంద్రమైన రెండంతస్తుల రాతి కట్టడం 1900 ప్రాంతంలో మద్యశాలగా పుట్టింది. మాజీ సైనికుల వసతిగృహానికి మైలు దూరం లోపల మద్యం అమ్మరాదన్న నిబంధన 1906లో రావడంతో ఆ వ్యాపారం మూతపడింది. 1920 నుంచి 1933 వరకు దేశమంతటా అమలైన మద్యనిషేధం ఆ తలుపులకు మరో తాళం వేసింది. 1920ల్లో ఆ కట్టడం ఫ్రెంచి పద్ధతిలో ఆవిరితో బట్టలుతికే చాకిరేవుగా మారి, 'ఫ్రెంచ్ లాండ్రీ' అన్న పేరు దానికి స్థిరపడిపోయింది. ఆ తరువాత వచ్చిన యజమానులు పేరు మార్చే ప్రయత్నం చేయలేదు. ప్రపంచ వైన్ ప్రియులు తలచుకొనే భోజనశాల, ఒకనాడు మద్యం అమ్మరాదని మూయించిన గోడల మధ్యనే నడవడం చరిత్రకు అలవాటైన చమత్కారం.

ద్రాక్ష వేళ్లను పట్టి రసం పీల్చి తీగను చంపే ఫిలాక్సెరా అనే సూక్ష్మకీటకం పంతొమ్మిదో శతాబ్ది చివర లోయను దెబ్బతీసింది. మద్యనిషేధం మిగిలిన తోటలనూ నీరుగార్చింది. ఇరవయ్యో శతాబ్ది మధ్యనాటికి నాపా ప్రధానంగా ప్లమ్, వాల్‌నట్ తోటలూ పశువుల మేతభూములూ ఉన్న సాదా వ్యవసాయ ప్రాంతం. అసలు ప్రమాదం ఆ తరువాత వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల నగరాలు ఉబ్బిపోతూ ఉత్తరానికి పాకుతుండగా, పొలాల మీద పన్నును పంట రాబడిని బట్టి కాక ఇళ్ల స్థలాలుగా అమ్మితే వచ్చే ధరను బట్టి విధిస్తుండడంతో, రైతుకు తోట ఉంచుకోవడం కంటే ప్లాట్లు వేయడమే లాభమయ్యే పరిస్థితి ఏర్పడింది. హైదరాబాదు, విజయవాడ శివార్ల కథ ఎరిగినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. 1968లో నాపా కౌంటీ పాలకమండలి లోయ భూమిని 'వ్యవసాయ రక్షిత ప్రాంతం'గా ప్రకటించింది. అమెరికాలో ఇటువంటి ఏర్పాటు అదే మొదటిది. దీని ప్రకారం రక్షిత ప్రాంతంలో 20 ఎకరాలకు తక్కువగా భూమిని ముక్కలు చేయరాదు. 1979లో ఆ పరిమితిని 40 ఎకరాలకు పెంచారు. తమ భూమిని తాము అమ్ముకొనే హక్కు పోతుందని అనేకులు తీవ్రంగా వ్యతిరేకించినా నిబంధన నిలిచింది. యౌంట్‌విల్ చివరి వీధి దాటగానే ఇళ్లకు బదులు ద్రాక్ష వరుసలు మొదలుకావడం ప్రకృతి ఇచ్చిన వరం కాదు, ఈ నిబంధన ఫలితం. రక్షణలో ఉన్న వ్యవసాయ భూమి వినియోగాన్ని ఓటర్ల అనుమతి లేకుండా మార్చరాదని 1990లో ప్రజలే ఓటు వేసి తీర్మానించారు. 2008లో ఆ కట్టుబాటును 2058 వరకు పొడిగించారు.

ఈ రక్షణ రావడానికి ఒక ఏడాది ముందు, 1967లో, డాన్ ష్మిట్, శాలీ ష్మిట్ దంపతులు యౌంట్‌విల్ చేరారు. మూతపడిన గ్రోజింగర్ కర్మాగారాన్ని 'వింటేజ్ 1870' పేరుతో దుకాణాల సముదాయంగా మార్చి నడపడం డాన్ బాధ్యత. ఆయన తరువాత ఊరికి మేయరు కూడా అయ్యాడు. శాలీ 1932లో పుట్టి, శాక్రమెంటో దగ్గరి పల్లెపట్టున, ఇంటి పెరట్లో పండినదే వండుకొనే కుటుంబంలో పెరిగింది. ఐదుగురు పిల్లల తల్లి అయిన ఆమె ఆ సముదాయంలో మొదట ఒక చిన్న కాఫీహోటలునూ, తరువాత 'చట్నీ కిచెన్' అనే మధ్యాహ్న భోజనశాలనూ నడిపింది. చట్నీ అన్న మాట భారతదేశం నుంచి ఇంగ్లాండు మీదుగా కాలిఫోర్నియా దాకా ప్రయాణించినా, అక్కడ దాని అర్థం రోట్లో నూరిన పచ్చడి కాదు, పండ్లను చక్కెర, వెనిగర్, సుగంధద్రవ్యాలతో ఉడికించి నిలవ చేసిన తీపి పులుపు పదార్థం.

1978లో ఈ దంపతులు పాత చాకిరేవు కట్టడంలో తమ సొంత భోజనశాల తెరిచారు. శాలీ పెట్టుకొన్న పద్ధతి ఆనాటి అమెరికన్ హోటళ్ల పద్ధతికి పూర్తిగా విరుద్ధం. ఎంచుకోవడానికి పొడవాటి పట్టిక లేదు. ఆ రోజు ఆమె ఏది వండితే అదే అందరికీ వడ్డన. మొదట ఒక చిరువంటకం, పిదప సూప్, ప్రధాన వంటకం, ఆకుల సలాడుతో చీజ్, చివర తీపి: ఇదీ వరుస. ఒక బల్లకు ఒక సాయంత్రం ఒకే బృందం; భోంచేస్తున్నవారిని తొందరపెట్టి లేపి, ఆ చోటును రెండో విడతవారికి ఇచ్చే ఆచారం అక్కడ లేదు. అతిథులు వంటకానికీ వంటకానికీ మధ్య లేచి తోటలో నడిచేవారు, వంటింట్లోకి తొంగిచూసేవారు. వైన్లన్నీ స్థానికమైనవే, వాటి సంగతి డాన్ చూసుకొనేవాడు, పిల్లలు వడ్డించేవారు. నేడు అత్యున్నత భోజనశాలల ప్రత్యేకతగా ప్రచారమవుతున్న స్థిరమైన భోజనపట్టిక, ఋతువును బట్టి వంట, సమీప రైతుల సరుకు అన్న మూడు సూత్రాలూ ఇక్కడ ఏ సిద్ధాంతం పేరూ లేకుండానే అమలయ్యాయి. ఇంటికి వచ్చిన చుట్టానికి ఏం కావాలని అడగకుండా, వండినది ప్రేమగా పెట్టే గృహధర్మాన్ని శాలీ హోటలులోకి తెచ్చింది. ఆమె సమకాలికురాలైన బర్కిలీ నగరపు ఆలిస్ వాటర్స్‌కు దేశవ్యాప్తమైన పేరు రాగా, శాలీ పేరు మాత్రం చాలాకాలం ఆ లోయ దాటలేదు. పాకచరిత్ర రాసినవారి తూకంలో ఇది స్పష్టమైన లోపం.

ఇదే కాలంలో లోయ వైన్‌కు అదృష్టం తిరిగివచ్చింది. ఫ్రాన్సులో షాంపేన్ చేసే మొయెట్ సంస్థ 1973లో యౌంట్‌విల్‌లో డొమేన్ షాండాన్ అనే మెరిసే వైన్ కేంద్రాన్ని స్థాపించింది. సీసాలోనే రెండోసారి పులియబెట్టి, పుట్టిన వాయువును బయటికి పోనీయకుండా బుడగలుగా నిలపడం ఈ వైన్ తయారీలోని కీలకం. 1977లో ఆ ఆవరణలోనే ఫ్రెంచి భోజనశాల మొదలైంది. 1976 మే 24న పారిస్‌లో, సీసాల పేర్లు కనబడకుండా జరిగిన రుచి పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే నాపా వైన్లకు తెలుపులోనూ ఎరుపులోనూ ప్రథమస్థానం ఇచ్చారు. నెగ్గిన ఎర్ర వైన్ పండిన స్టాగ్స్ లీప్ తోట యౌంట్‌విల్‌కు తూర్పునే ఉంది. దానితో లోయకు వచ్చే యాత్రికులు పెరిగారు.

థామస్ కెల్లర్ 1955లో కాలిఫోర్నియాలోని నౌకాదళ పదాతి స్థావరంలో పుట్టాడు. న్యూయార్క్‌లో ఆయన నడిపిన రాకెల్ అనే భోజనశాల నిలబడలేదు; లాస్ ఏంజెలస్‌లో చేసిన కొలువూ కుదరలేదు. అటువంటి దశలో ష్మిట్ దంపతులు తమ భోజనశాలను అమ్మదలచారని తెలిసి వచ్చిన కెల్లర్ చేతిలో పెట్టుబడి లేదు. పరిచయస్థుల దగ్గరా పెట్టుబడిదారుల దగ్గరా 12 లక్షల డాలర్లు పోగుచేయడానికి ఆయనకు ఏడాదిన్నర పైగా పట్టగా, అమ్మేవారు అంతకాలమూ ఓపిక పట్టారు. 1994లో యాజమాన్యం మారింది. పేరు, కట్టడం, స్థిరమైన భోజనపట్టిక అన్నవి అలాగే ఉన్నాయి; వంట మాత్రం పల్లె వంటింటి నుంచి ఫ్రెంచి శాస్త్రీయ సంప్రదాయానికి మారింది.

కెల్లర్ పద్ధతికి ఆధారం ఒక సాదా పరిశీలన. ఏ రుచి అయినా మొదటి రెండు మూడు ముద్దల్లోనే నాలుకను ఆకట్టుకొని, తరువాత మందగిస్తుంది. కాబట్టి ఇంకొక్క ముద్ద ఉంటే బాగుండుననిపించే చోటే వంటకం ముగియాలి. అందుకే ఒక పెద్ద పళ్లేనికి బదులు తొమ్మిది చిన్న వంటకాల వరుస, దీనినే 'టేస్టింగ్ మెనూ' అంటారు. మాంసాహారులకొకటి, కూరగాయలతో మరొకటి. వరుసలో ఒకసారి వాడిన ప్రధాన పదార్థం మళ్లీ రాకూడదన్నది నియమం.

ఈ వరుసలో అతి ప్రసిద్ధమైన 'ఆల్చిప్పలు – ముత్యాలు' అనే వంటకం తెలుగువారికి ఆసక్తి కలిగించవలసినది, ఎందుకంటే అందులోని ముత్యాలు సగ్గుబియ్యమే. ఉమ్మడి తూర్పు గోదావరి మెట్ట ప్రాంతంలో పండే కర్రపెండలం దుంపల పిండితో సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో తయారయ్యే ఆ గింజలను తెలుగు ఇళ్లలో పాయసానికీ వడియాలకూ వాడతారు. అమెరికాలో కూడా అది పిల్లల తీపి వంటకానికి పనికివచ్చే చవక సరుకే. ఆ గింజలను ముత్యాలంటారన్న మాట నుంచి, ముత్యం ఉండే చోట ఆల్చిప్ప ఉండాలన్న ఊహ కెల్లర్‌కు తట్టింది. గింజలను పాలలో నానబెట్టి, పాలూ మీగడా కలిపి మెత్తగా ఉడికిస్తారు. గుడ్ల పచ్చసొనను ఆల్చిప్పల్లోని ఉప్పునీటి రసంతో కలిపి, వేడినీటి ఆవిరిపై చిక్కటి నురగ అయ్యేదాకా గిలకొట్టి ఇందులో కలుపుతారు. ఆ మెత్తని పొరపై వెన్నలో వెచ్చబెట్టిన రెండు ఆల్చిప్పల కండలు, పక్కన స్టర్జన్ చేప గుడ్లు చిన్న ముద్దగా. పాయసంలో బెల్లం చేసే పనిని ఇక్కడ సముద్రపు ఉప్పదనం చేస్తుంది. మూడు నాలుగు చెంచాలతో అది అయిపోతుంది.

బల్ల మీది చేతిరుమాలును కొయ్య బట్టల క్లిప్పుతో బిగించి ఉంచడం ఈ శాల ఆనవాయితీ. చాకిరేవు జ్ఞాపకం అంతవరకే. వంటింట్లో డబ్బాలకు అంటించే చీటీల పట్టీని సైతం చేత్తో చింపరాదు, కత్తెరతో తిన్నగా కత్తిరించాలి. ఇంత కఠినమైన క్రమశిక్షణ అనవసరమని అనిపించవచ్చు గానీ, షికాగోలో 'అలీనియా' స్థాపించిన గ్రాంట్ అకాట్జ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో 'బెనూ' స్థాపించిన కోరీ లీ వంటివారు ఈ వంటింట్లోనే పనిచేసి ఎదిగారు. 2003, 2004 సంవత్సరాల్లో 'ప్రపంచపు 50 ఉత్తమ భోజనశాలలు' జాబితాలో ఫ్రెంచ్ లాండ్రీకి మొదటి స్థానం దక్కింది. ఫ్రెంచి టైర్ల సంస్థ మిషెలిన్, వాహన ప్రయాణికుల కోసం మొదలుపెట్టిన మార్గదర్శిలో భోజనశాలలకు ఒకటి నుంచి మూడు దాకా నక్షత్రాలిస్తుంది. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి తొలి సంచిక వెలువడినప్పుడు ఈ శాల మూడూ పొందింది. ఈలోగా కెల్లర్ అదే వీధిలో 1998లో బూషాన్ అనే ఫ్రెంచి భోజనశాలనూ, 2003లో రొట్టెల దుకాణాన్నీ, 2006లో ఇంటి తరహా భోజనం పెట్టే 'యాడ్ హాక్'నూ తెరిచాడు. ఫ్రెంచ్ లాండ్రీ ఎదుట దాదాపు మూడెకరాల కూరగాయల తోట ఉంది.

కీర్తితోపాటు చిక్కులూ వచ్చాయి. 2014 క్రిస్మస్ నాడు దొంగలు గిడ్డంగి నుంచి 76 సీసాల అపురూపమైన వైన్ ఎత్తుకుపోగా, వాటిలో అత్యధికం దేశం ఆ చివర నార్త్ కరోలినాలో, అంటే ఊరికి పేరిచ్చిన యౌంట్ పుట్టిన రాష్ట్రంలోనే దొరికాయి. 2020 నవంబరులో, కోవిడ్ సమయంలో గుమిగూడవద్దని ప్రజలకు చెబుతున్న గవర్నర్ గావిన్ న్యూసమ్ ఇక్కడ ఒక పుట్టినరోజు విందుకు హాజరైన సంగతి బయటపడి, ఆయనను పదవి నుంచి దించాలన్న ఉద్యమానికి ఊతమిచ్చింది. 2021 సెప్టెంబరు ఓటింగులో ఆయన నెగ్గుకొచ్చాడు. ఆ విందు మీద జనాగ్రహానికి ధర కూడా ఒక కారణం: ఇటీవలి సంవత్సరాల్లో వైన్ కాక ఒక్కరి భోజనానికే 350 డాలర్లు దాటుతోంది. తోటను కాపాడిన నిబంధనే కొత్త ఇళ్లను అడ్డుకోవడంతో ఇళ్ల ధరలు ఆకాశాన్నంటి, వంటవారూ, ఎక్కువగా మెక్సికో మూలాలున్న తోట కూలీలూ దూరప్రాంతాల నుంచి వచ్చి పనిచేసి వెళ్లవలసి వస్తోంది. ఒకప్పుడు మెక్సికో ప్రభుత్వమే పంచిన భూమి ఇది.

భోజనశాలను అమ్మిన తరువాత ష్మిట్ దంపతులు ఉత్తరాన ఆండర్సన్ లోయలోని ఫిలో అనే చోట ఆపిల్ తోటలో స్థిరపడ్డారు. శాలీ వంటల పుస్తకం 'సిక్స్ కాలిఫోర్నియా కిచెన్స్' 2022లో వెలువడింది. అది అచ్చులో ఉండగానే ఆ ఏడాది మార్చిలో, తొంభై ఏళ్లు నిండిన కొద్ది రోజులకే, ఆమె కన్నుమూసింది. ఆమె మనుమడు పెర్రీ హాఫ్‌మన్ యౌంట్‌విల్‌లోనే డొమేన్ షాండాన్‌వారి 'ఎత్వాల్' భోజనశాలలో ప్రధాన వంటవాడిగా మిషెలిన్ నక్షత్రం సంపాదించాడు. 2014 చివర ఆ శాల మూతపడింది; తరువాత ఆయన ఆండర్సన్ లోయకు వెళ్లి, తన కుటుంబం నడిపే బూన్‌విల్ హోటల్లో వంట చేపట్టాడు. అక్కడ కూడా వడ్డించేది స్థిరమైన ఒకే భోజనపట్టిక.