అయానులతో అయస్కాంతము

ఇనుము అయస్కాంతమగుటకు కారణము దానిలోని అసంఖ్యాకములైన సూక్ష్మపు దిక్సూచులు ఏకముఖమున నిలుచుటయే. వీనిని శాస్త్రజ్ఞులు స్పిన్‌లందురు. ఇరుగుపొరుగు స్పిన్‌లు ఒకదాని నొకటి ఎట్లు త్రిప్పుకొనునన్న ప్రశ్న వినుటకు సులభమే, సాధించుటకు దుర్ఘటము. ఒక్క వరుసలోని స్పిన్‌ల లెక్కను 1925లో ఈజింగ్ పండితుడు ప్రకటించెను. సమతలముపై పఱచిన వాని లెక్క 1944లో ఆన్సాగరు చేత గాని తేలలేదు.

క్వాంటం ధర్మములు చేరినచో చిక్కు హెచ్చును. అప్పుడు స్పిన్ పైకిని క్రిందికిని ఒక్కమారే తిరిగియుండగలదు. పది స్పిన్‌ల స్థితిని వ్రాయుటకు 1,024 సంఖ్యలు కావలెను. ముప్పదింటికి 107 కోట్లకు మించును. చదరంగపు గళ్లలో గింజలను రెట్టించుమన్న కథ శ్రోతలెఱిగినదే కదా! కావున ప్రకృతి ననుకరించు యంత్రమును క్వాంటం ధర్మములతోనే నిర్మింపవలెనని 1981లో ఫైన్‌మన్ వాదించెను.

అందులకు సాధనము జర్మనీలో అంతకుముందే సిద్ధమైనది. నిశ్చలమైన విద్యుత్‌క్షేత్రములతో మాత్రమే విద్యుత్కణమును బంధింపజాలమని 1842లో ఎర్న్‌షా నిరూపించియుండెను. గుఱ్ఱపు జీనుపై గోళీ నిలువదు. జీనును తగిన వేగమున త్రిప్పినచో నిలుచును. ఆ రీతిగానే, దిశ మార్చుకొనుచుండు క్షేత్రముతో బాన్ నగరమున వోల్ఫ్‌గాంగ్ పౌల్ 1950 తరువాతి దశాబ్దమున అయానులను బంధించెను. ఆయనకు 1989లో నోబెల్ బహుమానము లభించినది.

అట్లు చిక్కిన అయానులు పరస్పరము నెట్టుకొనుచు వరుసదీరును. స్పిన్‌ను బట్టి లేసరు కాంతి అయానును నెట్టగా, ఆ కదలిక పొరుగువానికిని సోకును. ఈ విధమున స్పిన్‌లకు బాంధవ్యము కల్పింపవచ్చునని 2004లో పోరాస్, సిరాక్ సూచించిరి. 2008లో గార్షింగ్ నగరమున రెండు మెగ్నీషియం అయానులతో అది సిద్ధించినది. 2010లో అమెరికాలోని మేరీలాండున మూడు అయానుల కొక తగవు పెట్టిరి: ప్రతిదియు తక్కిన రెంటికిని విముఖముగా నుండవలెను. రెండు విముఖమైనచో మూడవది ఏదో యొక దానితో ఏకీభవింపక తప్పదు! 2012లో బౌల్డరునందు వందలకొలది బెరీలియం అయానులను సమతలమున నిలిపిరి. 2017లో మేరీలాండు వారి వరుస 53 అయానులకు పెరిగినది.

53 స్పిన్‌లకు కావలసిన సంఖ్యలు 9,000 లక్షల కోట్లకు మించును. మనము లెక్కింపలేని దానిని యంత్రము చెప్పినచో నమ్ముట యెట్లు? ఇదియే నాకు ముఖ్యముగా తోచు ప్రశ్న. లెక్కకు అందు చిన్న వరుసలలో దానిని ముందుగా పరీక్షింతురు. పిదప భిన్నమైన సాధనములు ఒకే సమాధానము నిచ్చునా యని పోల్తురు. కొత్త త్రాసును తెలిసిన తూనికరాళ్లతో సరిచూచినట్లే ఇదియును. అట్టి పరీక్షకు ఓర్చినంతవరకే దాని మాట ప్రమాణమని నా మతము.