పుట పక్కన పాఠం: తెలుగు వికీసోర్స్ సింహావలోకనం

2005లో తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైనప్పుడు అందులో ఒక పుస్తకం చేర్చడం చాలా తేలిక. ఇంట్లో ఉన్న ప్రతిని ముందేసుకుని టైపు చేస్తే సరిపోయేది. అది ఎవరు వేసిన ప్రతి, ఎన్నో ముద్రణ అని నిలదీసే ఆచారం అప్పటికి స్థిరపడలేదు. పద్యాలు, శతకాలు, కీర్తనలు ఆ దారినే వచ్చి చేరాయి. చిక్కు తర్వాత తెలిసింది. వేమన పద్యానికి 1829లో సి.పి. బ్రౌన్ అచ్చువేయించిన పాఠం ఒకటి, బజారు ప్రతుల్లో దొరికేది మరొకటి, తాతగారి నోట విన్నది ఇంకొకటి. ఒకరు దిద్దిన మాటను ఇంకొకరు తిరగదిద్దితే, ఎవరిది ఒప్పో తేల్చే ఆధారం కళ్లెదుట ఉండదు. ఈ గ్రంథాలయం ఇరవయ్యేళ్లలో పెట్టుకున్న ముఖ్యమైన నియమాలు చాలావరకు ఈ ఒక్క లోటు పూడ్చుకోవడానికి పుట్టినవేనని నా అభిప్రాయం.

లోటు మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. 1971 జూలై 4న ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ హార్ట్ అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులోకి ఎక్కించి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌కు అంకురం వేశాడు. పుస్తకం పదిమందికీ చేరడమే ఆయనకు కావలసింది. ఫలానా ప్రామాణిక ముద్రణకు కట్టుబడాలన్న పట్టింపు ఆయనకు లేదు. 2000లో చార్లెస్ ఫ్రాంక్స్ మొదలుపెట్టిన డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ పని పద్ధతినే మార్చేసింది. పుస్తకాన్ని పుటలుగా విడదీస్తారు. ఒక పక్క స్కాన్ చేసిన పుట బొమ్మ, ఇంకో పక్క యంత్రం చదివిన పాఠం ఉంటాయి. రోజుకొక పుట దిద్దినా చాలు. ఒకరు దిద్దిన పుట మరొకరి చేతికి వెళ్తుంది. 2003 నవంబరు 24న పుట్టిన వికీసోర్స్ కూడా కొన్నేళ్లకు ఈ దారికే వచ్చింది. స్కాన్ లేని పుస్తకాన్ని చేర్చుకోబోమని గట్టి కట్టడి చేసుకున్నది జర్మన్ వాళ్లు. మిగతా భాషలు నెమ్మదిగా, కొంత గొణుక్కుంటూ అటే నడిచాయి.

తెలుగువాళ్లకు అంతకుముందే అక్షరాల గొడవ ఒకటి తీరవలసి వచ్చింది. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో పద్యాలు రాసుకునేవారు. ఆంధ్రభారతి వంటి వెబ్‌సైట్లలో పాత కావ్యాలు ఓపికగా ఎక్కాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, మామూలు ఇంటి కంప్యూటరులో అక్షరం సరిగా కనబడటానికి పదేళ్లకు పైగా పట్టింది. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులో చూపే లేఖిని వంటి పరికరాలు వచ్చాకే టైపు రానివాళ్లు కూడా ధైర్యం చేశారు. కాబట్టి తొలినాళ్ల వాళ్లు ఆధారం అడగలేదని ఇప్పుడు తప్పుపట్టడం న్యాయం కాదు. తెరమీద తెలుగు కనబడటమే వాళ్లకు పండగ.

ఇప్పటి పద్ధతిలో స్కాన్ చేసిన పుస్తకానికి ‘సూచిక’ పేజీ ఒకటి ఉంటుంది. దాని కింద ఒక్కో పుటకూ ఒక్కో అంకె, ఆ అంకె వెనుక ఒక రంగు. ఎర్రరంగు పుటను ఇంకా ఎవరూ దిద్దలేదు. పసుపు అంటే ఒకరు అచ్చుదిద్దారు. ఆకుపచ్చ అంటే రెండో మనిషి కూడా స్కాన్‌తో సరిచూసి ఆమోదించారు. దిద్దినవారే ఆమోదించడానికి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. నియమాలన్నిటిలో నాకు మహా ఇష్టమైనది ఇదే. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి, ప్రతులు పక్కపక్కన పెట్టించి పాఠాలు సరిచూపించాడు. ఇక్కడ జీతం లేదు, పండితుడని నిరూపించుకోవలసిన పనీ లేదు. ఎవరి విద్వత్తునూ నమ్మనక్కర్లేకుండా, పుట బొమ్మనూ ఇంకొకరి చూపునూ నమ్మమంటుంది ఆ నియమం.

దిద్దేటప్పుడు అచ్చులో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి. మన పండితులకు మింగుడుపడనిది సరిగ్గా ఇదే. ఎదురుగా అచ్చుతప్పు కనబడుతుంటే చెయ్యి ఊరుకోదు. తప్పును అలాగే ఉంచి, దానిమీద గురుతుపెట్టి సరైన రూపం చూపే ఏర్పాటు ఉంది. అయినా ‘సరిచేశాను’ అంటూ అరసున్నలు తీసేసేవారూ, బండి ఱను మామూలు రగా మార్చేవారూ వస్తూనే ఉంటారు. వలపలగిలక సంగతి మరీ తమాషా. పాత పుస్తకాల్లో ‘సర్వము’ అనడానికి వ పక్కన గిలక వేసేవారు. అది చూడటానికి తెలుగు తొమ్మిదిలా ఉంటుంది. యంత్రం దాన్ని నిజంగానే తొమ్మిది అనుకుంటుంది. గిలకను గిలకగానే ఉంచాలా, నేటి పాఠకుడికి తెలిసేలా ‘ర్వ’ అని మార్చాలా? ఉన్నది ఉన్నట్టు అన్న నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే పదం వెతుకులాటలో దొరకదు, మార్చేస్తే నియమం సడలుతుంది. నన్నడిగితే గిలక లిపిలో రూపభేదమే గానీ వర్ణక్రమంలో భేదం కాదు కనుక మార్చడమే మంచిది. అరసున్న జోలికి మాత్రం పోకూడదు. అది కవి నాటి భాషకు చెందినది.

స్కాన్లు ఎక్కడివన్న ప్రశ్నకు జవాబు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్‌లో తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో మన దేశపు భాగం అది. వేలకొద్దీ తెలుగు పుస్తకాలు దానివల్లే బతికాయి. కానీ జాబితాలో పేర్లన్నీ రోమన్ లిపిలో, ఇష్టమొచ్చిన వర్ణక్రమంలో ఉండేవి. ఏ పుస్తకం వెతకాలన్నా దాని పేరు ఎన్నిరకాలుగా తప్పు రాయవచ్చో ముందు ఊహించుకోవాలి. 2014 ప్రాంతంలో తెలుగు వికీపీడియన్లు కూర్చుని ఆ పేర్లను తెలుగులోకి మార్చి పట్టికలు కట్టారు. 2017లో హక్కుల ఫిర్యాదులతో ఆ సైటు మూతపడింది. అప్పటికే చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండటం మన అదృష్టం.

హక్కుల నియమం దగ్గర కొంచెం ఆగాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 50 ఏళ్లదాకా హక్కులుండేవి. 1941లో పోయిన రవీంద్రనాథ టాగోర్ రచనల గడువు 1991తో తీరిపోతుందని ఆ హక్కులున్న విశ్వభారతి కోసం ప్రభుత్వం హడావుడిగా దాన్ని 60 చేసింది. ఆ పదేళ్ల భారం అన్ని భాషల పుస్తకాలమీదా పడింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయాడు కనుక ‘మాలపల్లి’ 2019 జనవరి 1న జనం సొత్తయింది. హార్ట్ తన పని మొదలుపెట్టిన 1971 జూలైలోనే జాషువా కన్నుమూశాడు. ఆయన కావ్యాలకు 2032 దాకా ఆగాలి. చలానికి 2040, శ్రీశ్రీకి 2044.

అంతటితో తీరలేదు. వికీసోర్స్‌ను నడిపే వికీమీడియా సర్వర్లు అమెరికాలో ఉన్నాయి. బొమ్మలూ స్కాన్లూ ఉంచే కామన్స్‌లో, పుట్టిన దేశంలోనూ అమెరికాలోనూ హక్కులు తీరిన పుస్తకాలకే చోటు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో మరణించారు. 1949లో అచ్చయిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మన చట్టం ప్రకారం 2014 నుంచీ అందరిదీ. అమెరికా లెక్క అచ్చయిన ఏడాదికి 95 ఏళ్లు కలిపి కడుతుంది కాబట్టి అక్కడ 2044 చివరిదాకా బందీయే. గోలకొండ కవుల జాడలు వెదికి సంకలనం చేసిన మనిషి పుస్తకానికి అమెరికా అనుమతి కావలసిరావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గడువు తీరకముందే పుస్తకం తేవడానికి ఒక దారి ఉంది. రచయిత గానీ వారసులు గానీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేస్తున్నట్టు రాసి పంపాలి. ‘వాడుకోండి బాబూ, పుణ్యముంటుంది’ అని ఫోనులో అంటే చెల్లదు. ఎవరైనా తిరిగి అచ్చువేసి అమ్ముకోవచ్చని కూడా ఒప్పుకోవాలి. అక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గడం సహజమే.

కొత్తవాళ్లను నొప్పించే నియమం ఇంకొకటి ఉంది. ముందెక్కడా అచ్చుకాని రచన చేర్చకూడదు. తన కవితలు తానే పెట్టుకుని, మర్నాటికి అవి తొలగిపోతే అలిగి వెళ్లిపోయినవారిలో మంచి ప్రూఫు రీడర్లు కాగలిగినవారూ ఉండే ఉంటారు. నియమం సరైనదే. చెప్పే తీరులో కాస్త మెత్తదనం ఉంటే బాగుండేది.

2015 ప్రాంతంలో పుట బొమ్మను పాఠంగా మార్చే గూగుల్ ఓసీఆర్ తెలుగును బాగా చదవడం మొదలుపెట్టాక పని వేగం మారిపోయింది. అంతకుముందు పుటంతా టైపు చేయాలి, ఇప్పుడు తప్పులు ఏరితే చాలు. కానీ యంత్రం ‘మ’కూ ‘వు’కూ మధ్య తడబడితే ఆ తప్పు చూడటానికి నిజమైన మాటలాగే కనబడుతుంది, చదువుతున్న కన్ను దాటిపోతుంది. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, భారతీయ భాషల వికీసోర్స్‌లన్నిటికీ కలిపి అచ్చుదిద్దే పోటీ పెట్టారు. పుటలు బాగానే కదిలాయి. అయితే పోటీలు పసుపు పుటలను పెంచినంత తేలిగ్గా పచ్చపుటలను పెంచలేవు. మొదటిసారి దిద్దేవారికి పుస్తకం తన చేతిమీదుగా వెలుగు చూస్తోందన్న సంబరం ఉంటుంది. రెండోసారి చూసేవారికి దక్కేది ఇంకొకరు వదిలేసిన రెండు అరసున్నలు, ఒక ఒత్తు. అందుకే ఒకరు పూర్తిగా దిద్దిన పుస్తకాలు కూడా రెండో మనిషి కోసం పసుపురంగులోనే ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటాయి.