అక్షరముల పేర్ల యిండ్లు

రామగుండమున జ్యోతినగర్ అను నివాసపు పేట కలదు. జాతీయ తాపవిద్యుత్సంస్థ తన విద్యుత్కేంద్రమున పనిచేయువారికై దీనిని కట్టించినది. ఆ కేంద్రమునకు 1978 నవంబరు 14వ తేదీన నాటి ప్రధాని మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిరి. 1983లో మొదటి యంత్రము నడచినది. సింగరేణి గనుల బొగ్గు రైలుమీద నచటికి చేరును.

ఇట్టి పేటలలో ఇంటిని వీధిపేరుతో గాక అక్షరముతో చెప్పుట వాడుక. చిన్న యుద్యోగి క్వార్టరు కొక యక్షరము, పెద్ద యుద్యోగి క్వార్టరునకు వేఱొక యక్షరము. ఇల్లాలి హోదాయు పిల్లల చెలిమియు ఆ యక్షరమునుబట్టియే నిర్ణయమగుచుండుట మనము చూచుచున్నదే. పదవి పెరిగిన నిల్లు మారును. పదవీవిరమణ మైన నిల్లే పోవును. ముప్పది యేండ్లు పెరటి కరివేపచెట్టునకు నీరుపోసిన చేతులు తాళపుచెవి అప్పగించి రావలసినదే.

తెలంగాణమున నిట్టి నిర్మాణమునకు పూర్వచరిత్ర వెదకువారు హైదరాబాదునకు పోవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది ప్రాణములను గొనిపోయెను. 1911లో మహామారి వచ్చెను. ఇరుకు సందులు, గాలి చొరని గదులు, నిలిచిన మురుగు రోగమునకు పుట్టిండ్లని అప్పుడు ప్రభుత్వమునకు తెలిసివచ్చెను. 1912లో నగరాభివృద్ధి సంఘ మేర్పడినది. ఉర్దూలో దానిపేరు ఆరాయిష్-ఎ-బల్దా, అనగా నగరాలంకారము. పేరు సొగసైనదే గాని, ఆ సంఘము చేసిన గొప్ప పని మురుగుకాలువలలోను మరుగుదొడ్లలోను ఉన్నదని మా యభిప్రాయము. 1935 నాటి మొజంజాహి మార్కెట్టు ఎదుట నిలిచి గోపురమును చూడని బాటసారి యుండడు; నాంపల్లి వంటి తావులలో మురికివాడలను తొలగించి కట్టిన ఆ చిన్న యిండ్లను చూడబోవువారు మాత్ర మెందఱు?

ఆ యిండ్లలో వసారా, గదులు, వంటిల్లు, స్నానపుగది, అన్నిటి నడుమ ఆకాశమునకు తెఱచిన ముంగిలి. ఘోషా పాటించు స్త్రీకి ఆ ముంగిలియే సూర్యదర్శనము. అలంకారము లేని యా వాస్తువును మేము రాజసౌధములకంటె ఎక్కువగా గౌరవింతుము.

అచటను తరగతులు లేకపోలేదు. అద్దె నిచ్చుకొను శక్తినిబట్టి యిల్లు చిన్నదో పెద్దదో యగును. గుడిసెలు కోల్పోయిన వారందఱు ఆ గడప లోపలికి రాగలిగిరని మేము నమ్మజాలము. ఐనను స్వల్ప జీతగానికి గూడ వెలుతురు హక్కని తలచి కట్టిన యిండ్లవి. 1960లో ఆ పని గృహనిర్మాణమండలి చేతికి పోయెను.

విద్యుత్కేంద్రముల పేటలు ఆ ముంగిలిని తీసికొనక, తరగతులను మాత్రము తీసికొన్నవి. ఉద్యోగుల జాబితాలో పేరులేని కాంట్రాక్టు కూలికి సామాన్యముగా వాటిలో నే యక్షరమును దొరకదు. పని ముగిసినంతనే అతడు గేటు దాటి, ప్రక్క యూరిలోని అద్దె గదికి నడచిపోవును.