లాలాపేట్ ఇండ్లలో కంప్యూటర్

సికింద్రాబాద్‌లోని లాలాపేట్‌కు ఒకప్రక్క 1893 నాటి లాలాగూడ రైల్వే వర్క్‌షాపును, మౌలాలి దాటిన పిమ్మట 1967 ఏప్రిల్ 11న స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కర్మాగారమును ఉండుటచేత, ఈ ప్రాంతమున పెక్కు కుటుంబములకు యంత్రము దూరపు వింత గాక జీవనాధారమై యుండెను. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు ఆ సంస్థకు తొలి మేనేజింగ్ డైరెక్టరు; ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరనే వెలసినది.

1969లో రూపొందిన, ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12, స్వదేశమున నిర్మితములైన తొలి కంప్యూటర్లలో నొకటి. దాని జ్ఞాపకశక్తి యంతయు, సన్నని తీగెలకు గ్రుచ్చిన ఫెర్రైట్ వలయములలో నుండెడిది. ఒక్కొక్క వలయము అయస్కాంతీకరింపబడిన దిశనుబట్టి సున్న యనియో, ఒకటి యనియో గ్రహింపబడుచుండెను. కరెంటు పోయినను ఆ దిశ మాఱదు గనుక, అందుంచిన విషయము చెడక నిలిచియుండెడిది.

తరువాత కంప్యూటర్ ఇండ్లలోనికి వచ్చునప్పటికి, ఆ వలయముల స్థానమును సిలికాన్ చిప్పులు ఆక్రమించినవి. ఇవి వేగమున మిన్నయైనను, కరెంటు ఆగిన క్షణముననే సర్వమును మఱచును. వేసవిలో కరెంటు కోతల కాలమున, నాచారములోనో ఉప్పల్‌లోనో ఒక గుమాస్తా గంటసేపు టైపుచేసిన దరఖాస్తు కరెంటు పోగానే మాయమగుటకు కారణ మిదియే. కావుననే పని మధ్యలో మాటిమాటికి కంట్రోల్, ఎస్ మీటలను కలిపి నొక్కి సేవ్ చేయు అలవాటు అవసరమైనది. యూపీఎస్ ఇచ్చు కొద్ది నిమిషములు పని కొనసాగించుటకు గాదు. ఫైలును సేవ్ చేసి, యంత్రమును షట్‌డౌన్ చేయుటకు మాత్రమే. డిస్కుపై వ్రాత పూర్తికాకమునుపే స్విచ్చి కట్టివేసినచో ఫైళ్లు చెడును.

డిస్కుపై సేవ్ చేసిన ఫైళ్లకును ప్రమాదము తప్పలేదు. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అను వైరస్ విండోస్ 95, 98 గల యంత్రములలో మేల్కొని, హార్డ్‌డిస్కు తొలిభాగమును సున్నలతో నింపినది. విడిగా ఫ్లాపీలలో ప్రతులు దాచుకొన్నవారి ఫైళ్లు మిగిలినవి. అన్నియు ఒకే డిస్కునందుంచినవారు ఎంతయో నష్టపడిరి.

తెలుగు వ్రాతకు కలిగిన నష్టము మఱింత దుఃఖకరము. డీటీపీ దుకాణములలో ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క సంకేతపద్ధతి యుండుటచేత, ఒకచోట సలక్షణముగా కనిపించిన శుభలేఖ, ఆ ఫాంటు లేని వేఱొక యంత్రమున తెఱచినంతనే అర్థరహితములైన ఇంగ్లీషు అక్షరముల కుప్ప యగుచుండెను. 1991లో యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగునకు స్థానము లభించినను, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చిన పిమ్మటనే సామాన్య గృహస్థునకు ఆ ఫలము దక్కినది. యూనికోడ్ ఇండ్లకు చేరకమునుపటి వ్రాతలు, మన తండ్రుల స్వీయచరిత్రలు, వంశవృక్షములు, నేటికిని పాత ఫాంటులలోనే చిక్కుకొనియున్నవి.

అట్టి ఫైళ్లు తమ యింట నున్న పాఠకులు, అవి తెఱచుకొను పాత యంత్రము పనిచేయుచున్నప్పుడే, వానిని యూనికోడ్‌లోనికి మార్పించి, మొదట ఒక కాగితపు ప్రతిని తీయించి, పిదప వేఱొక డిస్కుపై రెండవ ప్రతిని భద్రపఱుపవలసినదిగా ప్రార్థించుచున్నాను. అదే కంప్యూటర్‌లో మఱియొక ఫోల్డరునందుంచినది రెండవ ప్రతి కానేరదు.