సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొంటున్నారా? రిపేర్ల లెక్క ముందే తెలుసుకోండి..!

పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం, రుద్రారం.. ఈ పారిశ్రామిక ప్రాంతాల్లో షిఫ్టు డ్యూటీలకు వెళ్లే చాలామంది చూపు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీల మీదే ఉంది. కొత్త బండి ధరలో సగానికే ఎత్తైన కారు ఇంటి ముందుకొస్తుందంటే ఎవరికైనా ఆశే. కానీ కొన్న మూడు నెలలకే షెడ్డులో 60, 70 వేలు పోయాల్సి వస్తే మిగిలిందేంటి? ఏ భాగం పాడవుతుంది, ఎంత ఖర్చవుతుంది, కొనేముందు ఎలా కనిపెట్టాలి? ఆ వివరాలివే. ఇందులోని ధరలు ఉజ్జాయింపు మాత్రమే. మోడల్‌ను బట్టి, కంపెనీ సర్వీస్ సెంటరా, బయటి షెడ్డా అన్నదాన్ని బట్టి మారతాయి.

ముందు మోడల్ సంగతి..

మన మార్కెట్‌లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 2013లో, మారుతి విటారా బ్రెజా 2016లో, టాటా నెక్సాన్ 2017లో, హ్యుందాయ్ వెన్యూ 2019లో, కియా సోనెట్ 2020లో వచ్చాయి. బ్రెజా 2020 వరకు డీజిల్‌లోనే దొరికేది. కాబట్టి 2016-2019 మధ్య బ్రెజా అంటే డీజిల్ బండే. భారత్‌లో కార్ల తయారీ ఆపేస్తున్నట్లు ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ప్రకటించింది. ఎకోస్పోర్ట్ కొనేవాళ్లు స్పేర్ పార్ట్‌లు ఎక్కడ, ఎన్ని రోజుల్లో దొరుకుతాయో ముందే కనుక్కోవాలి. పాత రెనో డస్టర్‌కూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

క్లచ్.. ట్రాఫిక్ దెబ్బ దీనికే

65వ నంబర్ జాతీయ రహదారిపై లారీల వెనకాల ఆగుతూ, కదులుతూ తిరిగిన బండికి మొదట అరిగేది క్లచ్. మూడో గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ సౌండ్ పెరిగి, స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లే. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, లేబర్ కలిపి 10 నుంచి 18 వేలు అవుతుంది. కొన్ని డీజిల్ బండ్లలో ఫ్లైవీల్ కూడా మార్చాల్సి వస్తే బిల్లు 30 వేలు దాటుతుంది. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ బండ్లలో గేర్‌బాక్స్ పెద్ద రిపేరుకొస్తే లక్ష దాకా వెళ్లొచ్చు. ట్రాఫిక్‌లో పాకించినప్పుడు కుదుపులొస్తే ఆ బండి జోలికి పోవద్దు.

గుంతల రోడ్లు.. సస్పెన్షన్ బిల్లు

ఫ్యాక్టరీల మధ్య లోపలి రోడ్లలో గుంతలు, స్పీడ్ బ్రేకర్లకు లెక్కలేదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కిదిగేటప్పుడు అద్దాలు దించి, పాటలు ఆపి వినండి. టకటకమంటే లింక్ రాడ్, బుష్‌లు, లోయర్ ఆర్మ్ చూపించాలి. లింక్ రాడ్, బుష్‌లకు 2 నుంచి 5 వేలు, ముందు షాక్ అబ్జార్బర్ల జతకు 6 నుంచి 10 వేలు అవుతుంది. టైరు ఒక పక్కే అరిగి ఉంటే అలైన్‌మెంట్ పోయినట్లు, లేదంటే బండి గట్టి దెబ్బ తిన్నట్లు అనుమానించాలి. 16 అంగుళాల టైర్లు నాలుగు మార్చాలంటే 26 నుంచి 36 వేలు పెట్టాలి.

5 కిలోమీటర్ల డ్యూటీకి డీజిల్ ఎందుకు?

2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. దీన్నే డీపీఎఫ్ అంటారు. ఇంజిన్ బాగా వేడెక్కి, కాసేపు ఒకే వేగంతో నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. ఇస్నాపూర్‌లో ఇల్లు, పాశమైలారంలో డ్యూటీ.. రోజూ నాలుగైదు కిలోమీటర్లే తిరిగితే ఫిల్టర్ మూసుకుపోయి డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. అలాంటి వాళ్లకు పెట్రోల్ బండే మేలు. ఇప్పటికే డీజిల్ ఉంటే వారానికోసారి ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట ఆగకుండా నడిపితే చాలు. లైటును పట్టించుకోకుండా తిప్పి ఫిల్టర్ మార్చే దాకా తెచ్చుకుంటే ఖర్చు లక్ష దాటే అవకాశముంది.

పాత డీజిల్ బండ్లలో ఈజీఆర్ వాల్వ్ క్లీనింగ్‌కు 2 నుంచి 4 వేలు అవుతుంది. కొత్త ఇంజెక్టర్ ఒక్కోటి 15 వేలకు పైమాటే. టర్బో మార్చాలంటే 30 వేల నుంచి 70 వేల వరకు అవుతుంది.

బెల్టా? చైనా?

పాత డస్టర్, ఎకోస్పోర్ట్ డీజిల్ ఇంజిన్లలో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. బ్రెజా డీజిల్‌లో చైన్. బెల్ట్‌ను కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన గడువుకు మార్చాల్సిందే. నడుస్తుండగా తెగితే వాల్వ్‌లు, పిస్టన్లు ఢీకొని ఇంజిన్ విప్పాల్సి వస్తుంది. బెల్ట్ కిట్‌కు 8 నుంచి 15 వేలు. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి.

పొద్దున్నే వెళ్లండి

బండి చూడ్డానికి ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవారికి చెప్పండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. ఆగకుండా తెల్లటి దట్టమైన పొగ వస్తే కూలెంట్ లోపలికి పోతున్నట్లు. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి జిగురు ఉంటే మెకానిక్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను వరద ముంచెత్తినప్పుడు చాలా కార్లు నీళ్లలో మునిగాయి. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి. మట్టి మరకలు, సీటు కింద బోల్టులకు తుప్పు కనిపిస్తే మునిగిన బండి కావొచ్చు. వైరింగ్ సమస్యలు మొదలైతే ఆ ఖర్చుకు అంతుండదు.

కాగితాలూ బండిలో భాగమే

టీఎస్ 15 నంబర్ అంటే సంగారెడ్డి రిజిస్ట్రేషన్. ఢిల్లీ నంబర్ డీజిల్ బండ్లు చవగ్గా వస్తున్నాయని తొందరపడొద్దు. వాటికి ఎన్‌ఓసీతో పాటు తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపితే చవక అనుకున్నది చవక కాకపోవచ్చు. ఆర్‌సీ బదిలీకి ఫారం 29, 30, లోన్ తీరిన బండికి ఫారం 35 తీసుకోవాలి. ఇన్సూరెన్స్‌ను 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోవాలి.

అసలు లెక్క ఇదీ..

6 లక్షలకు బేరం కుదిరిన బండికి క్లచ్ 14 వేలు, టైర్లు 30 వేలు, ముందు సస్పెన్షన్ 12 వేలు, బ్యాటరీ 6 వేలు అనుకుందాం. మొత్తం 62 వేలు. అంటే ఆ బండి అసలు ధర 6 లక్షల 62 వేలు! అందుకే తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి, రిపేర్ల చిట్టా రాయించి, ఆ కాగితం ముందు పెట్టి బేరమాడండి. మెకానిక్‌కు ఇచ్చే వెయ్యి, పదిహేను వందలు దండగ కాదు. అన్నీ బాగున్నా సరే, బండి ధరలో పదో వంతు డబ్బు మొదటి ఏడాది రిపేర్ల కోసం పక్కన పెట్టుకోవాలి. ఆ డబ్బు చేతిలో లేకపోతే ఇంకాస్త తక్కువ ధర బండి చూసుకోవడమే మంచిది.